దాచిన ఆయుధం: నేర నిరూపణ

లైసెన్సు లేని ఆయుధాన్ని ఒంటిమీదో, బండిలోనో, పడవలోనో, ఇంటి చూరులోనో ఉంచుకున్నాడన్న అభియోగాన్ని కోర్టులో నిలబెట్టడానికి ప్రాసిక్యూషన్ ఏమేమి చూపాలి, ఎలా చూపాలి అన్నది ఈ వ్యాస విషయం. భారతదేశంలో ఇలాంటి కేసులకు ఆధారం 1959 నాటి ఆయుధాల చట్టం. ఈ చట్టంలో దాచడం ఒక్కటే నేరం కాదు. చట్టం అనుమతించని ఆయుధం కలిగి ఉండటమే అసలు నేరం. దాచినట్టు తేలితే శిక్ష పెరగవచ్చు, ఆ వస్తువు సంగతి ముద్దాయికి తెలుసు అనడానికి అది సాక్ష్యంగా కూడా పనికివస్తుంది.

డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అల్లవరం మండలంలో, వైనతేయ గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న ఓడలరేవు లాంటి ఊరికి ఈ చట్టం అన్వయించేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. కొబ్బరి దింపు తీసేవారికి, కల్లు గీసేవారికి, చేపలు కోసేవారికి కత్తి లేనిదే పూట గడవదు. కాబట్టి ఇక్కడ కత్తి కనబడటంతోనే కేసు తేలిపోదు. అది ఎలాంటి కత్తి, ఎవరి అధీనంలో ఉంది, ఏ నోటిఫికేషన్ కిందికి వస్తుంది, పట్టుకున్న కత్తే కోర్టుకు వచ్చిందా అన్న నాలుగు ప్రశ్నలకూ జవాబు దొరకాలి.

చట్టం పుట్టుపూర్వాలు

1857 తిరుగుబాటు తర్వాత ప్రజల చేతిలో ఆయుధాలు ఉండకుండా చూడాలన్న ఆలోచన బ్రిటిష్ ప్రభుత్వంలో బలపడింది. వైస్రాయి లిట్టన్ కాలంలో వచ్చిన 1878 ఆయుధాల చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. గోదావరి జిల్లాల ఎగువన మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసింది ప్రధానంగా తుపాకుల కోసమే. 1931 కరాచీ కాంగ్రెసు ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కుకు కూడా చోటు దక్కింది. స్వతంత్ర భారత రాజ్యాంగం మాత్రం ఆ హక్కును చేర్చలేదు. 19వ అధికరణం సమావేశమయ్యే హక్కును ఇస్తూనే, ఆ సమావేశం శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా జరగాలని షరతు పెట్టింది.

1959లో పార్లమెంటు చేసిన కొత్త చట్టం 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. 1962 నాటి నియమాల స్థానంలో 2016లో కొత్త ఆయుధాల నియమాలు వచ్చాయి. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించి, పలు నేరాలకు శిక్షలు పెంచింది.

ఏది ఆయుధం, ఏది పనిముట్టు

చట్టం రెండో సెక్షన్ ప్రకారం దాడికో, ఆత్మరక్షణకో ఆయుధంగా తయారుచేసిన లేదా అలా మార్చిన వస్తువే ఆయుధం. తుపాకులు, పదునైన మారణాయుధాలు, వాటి విడిభాగాలు ఇందులోకి వస్తాయి. కేవలం ఇంటి పనికో, వ్యవసాయానికో తయారైన వస్తువులు రావు. లాఠీ, మామూలు చేతికర్ర వంటివాటిని చట్టమే ఉదాహరణగా చూపించింది. ఆట వస్తువుగా తప్ప మరెందుకూ పనికిరానివి కూడా ఆయుధాలు కావు.

ఆయుధాల నియమాల మొదటి షెడ్యూలులోని ఐదో తరగతిలో కత్తులు, బాకులు, బల్లేలు, గండ్రగొడ్డళ్లు ఉన్నాయి. అలుగు 9 అంగుళాలకు మించి పొడవున్నా, 2 అంగుళాలకు మించి వెడల్పున్నా కత్తి ఈ తరగతిలోకి చేరుతుంది. అయితే గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాల కోసం చేసిన కత్తులకు ఇక్కడ కూడా మినహాయింపు ఉంది. అందువల్ల టేపు పెట్టి కొలిచినంత మాత్రాన విషయం తేలదు. అది దేనికోసం తయారైందన్నది కూడా చూడాలి.

తుపాకికీ కత్తికీ చట్టం వేరువేరు దారులు పెట్టింది. తుపాకి, తూటాల విషయంలో సెక్షన్ 3 దేశమంతటా వర్తిస్తుంది, లైసెన్సు లేకుండా ఉంచుకోవడమే నేరం. తుపాకి కాని ఆయుధాలకు సెక్షన్ 4 వర్తిస్తుంది. ఒక ప్రాంతాన్నీ, ఫలానా రకం ఆయుధాన్నీ పేర్కొంటూ గెజిట్‌లో నోటిఫికేషన్ వెలువడితేనే అక్కడ ఆ ఆయుధాన్ని లైసెన్సు లేకుండా పట్టుకుని తిరగడం నేరమవుతుంది. తయారీ, అమ్మకం, అమ్మకం కోసం నిల్వ సెక్షన్ 5 కిందికి వస్తాయి.

ఈ తేడాకు కోర్టులు ఇచ్చే విలువ ఎంతో 2024లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఢిల్లీ కేసు చూస్తే తెలుస్తుంది. బటన్ నొక్కితే తెరుచుకునే కత్తి ఒకరి దగ్గర దొరికింది. అభియోగానికి ఆధారంగా చూపిన 1980 నాటి ఢిల్లీ నోటిఫికేషన్ అలాంటి కత్తుల తయారీ, అమ్మకం, అమ్మకం కోసం ఉంచుకోవడం వంటివాటిని నియంత్రించేది. కత్తిని అమ్మకానికి ఉంచుకున్నట్టు పోలీసుల కాగితాల్లో ఎక్కడా లేకపోవడంతో కోర్టు కేసు కొట్టివేసింది. కత్తి నిజంగా దొరికినా, కొలతలు నోటిఫికేషన్‌తో సరిపోయినా, ఉద్దేశం అతకకపోతే అభియోగం నిలవదు.

తెలిసి ఉంచుకోవడం

ఆయుధం ముద్దాయి అధీనంలో ఉందనడానికి రెండు విషయాలు కలిసి రావాలి. ఒకటి, ఆ వస్తువు మీద అతనికి పట్టు ఉండాలి. రెండు, అది అక్కడ ఉందని అతనికి తెలిసి ఉండాలి. గున్వంత్‌లాల్ కేసులో 1972లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని స్థిరపరిచింది. వస్తువు చేతిలోనే ఉండనక్కరలేదు. ఇంకొకరి దగ్గర పెట్టినా, దాని మీద అధికారం తనదేనని రుజువైతే చాలు. మరోపక్క, తనకు తెలియకుండా ఎవరో సంచిలో పడేసిన తూటాకు ఆ సంచి యజమాని బాధ్యుడు కాడు. విమానాశ్రయాల్లో ప్రయాణికుల సామానులో ఒకే ఒక్క తూటా దొరికి, తుపాకి ఏదీ లేని సందర్భాల్లో ఢిల్లీ హైకోర్టు పలు కేసులను ఈ కారణంతోనే కొట్టివేసింది.

సినీ నటుడు సంజయ్ దత్ కేసులో 1994లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఉగ్రవాద కార్యకలాపాల నిరోధానికి తెచ్చిన టాడా చట్టం కింద కూడా ‘తెలిసి ఉంచుకోవడం’ రుజువు కావలసిందేనని చెప్పింది. చివరకు అతనికి ఆయుధాల చట్టం కింద శిక్ష పడింది. 2013 మార్చి 21న సుప్రీంకోర్టు ఆరేళ్ల శిక్షను ఐదేళ్లకు తగ్గించి నేర నిర్ధారణను ఖాయం చేసింది.

నలుగురు వెళ్తున్న కారులోనో, పదిమంది ఉన్న పడవలోనో ఆయుధం దొరికితే చిక్కు పెరుగుతుంది. అక్కడ ఉన్నాడన్న ఒక్క కారణంతో ఒకరిని దోషిగా తేల్చడం కష్టం. ఆయుధం ఎవరి కాళ్ల దగ్గర ఉంది, ఎవరి సంచిలో ఉంది, తాళం ఎవరి దగ్గర ఉంది అన్న వివరాలు ఉండాలి. ఇలాంటి పరిస్థితి కోసమే సెక్షన్ 35 ఉంది. ఉమ్మడిగా వాడుకునే ఇల్లు, వాహనం లేదా ఇతర స్థలంలో నేరం జరిగినప్పుడు, అందులో ఉన్నవారికో, దాని మీద అధికారం ఉన్నవారికో ఆయుధం సంగతి తెలుసునని నమ్మడానికి కారణం ఉంటే, తనకు తెలియదని వారే చూపించుకోవాలి.

దాచడానికి వేరే శిక్ష

చట్టంలోని సెక్షన్ 26 నేరుగా దాపరికానికి సంబంధించినది. ప్రభుత్వోద్యోగికి గానీ, రైలు, విమానం, ఓడ, వాహనాల్లో పనిచేసే సిబ్బందికి గానీ తెలియకూడదన్న ఉద్దేశం కనబడేలా సెక్షన్ 3, 4 వంటివాటిని ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి ఏడేళ్ల వరకు జైలు, జరిమానా పడవచ్చు. మేజిస్ట్రేటు ఆదేశంతో జరిగే సోదాలో ఆయుధాన్ని దాచినా, దాచబోయినా శిక్ష పదేళ్ల దాకా వెళ్లవచ్చు.

ఇక్కడ రుజువు చేయవలసింది ఉద్దేశాన్ని. దాన్ని చేసిన పనుల నుంచే రాబట్టాలి. చొక్కా లోపల నడుముకు దోపుకోవడం, స్కూటరు సీటు కింద గుడ్డలో చుట్టి పెట్టడం, చేపల బుట్టలో ఐసు కింద పూడ్చడం, పోలీసును చూడగానే కాలువలోకి విసరడం వంటివి ఆ ఉద్దేశానికి గుర్తులు. సంచిలో పనిముట్లతో కలిసి కనబడేలా ఉన్న కత్తి గురించి అదే మాట చెప్పలేం. సెక్షన్ 26 మొదట ఉల్లంఘన ఉందో లేదో చూస్తుంది. లైసెన్సు అక్కరలేని వస్తువును ఎంత లోతుగా దాచినా ఈ సెక్షన్ కిందికి రాదు.

సోదా, మధ్యవర్తుల నివేదిక

ఆంధ్ర జిల్లాల్లో ఆయుధం కేసుకు ఆయువుపట్టు మధ్యవర్తుల నివేదిక. సోదాకు ఆ ప్రాంతానికి చెందిన, కేసుతో సంబంధం లేని ఇద్దరు పెద్దమనుషులను పిలవాలని చట్టం చెబుతుంది. ఆచరణలో తరచుగా గ్రామ రెవెన్యూ అధికారినీ, ఊళ్లో మరొకరినీ పిలుస్తారు. నివేదికలో తేదీ, సమయం, స్థలం, హద్దులు, వస్తువు రంగు, పిడి రకం, అలుగు పొడవు వెడల్పులు, దొరికిన చోటు, లైసెన్సు అడిగితే ముద్దాయి ఏమన్నాడో రాసి, అందరి సంతకాలు తీసుకుని, వస్తువుకు చీటీ కట్టి సీలు వేయాలి.

ఊహా ఉదాహరణ ఒకటి చూద్దాం. రాత్రి గస్తీలో ఓడలరేవు బీచి రోడ్డు మీద పోలీసులు ఒక మోటారు సైకిల్ ఆపారు. వెనక కూర్చున్న మనిషి కాళ్ల మధ్య గోనెసంచి, అందులో నాటు తుపాకి. నివేదికలో ‘ముద్దాయిల వద్ద నుండి స్వాధీనం చేసుకోవడమైనది’ అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే, విచారణలో డిఫెన్సు లాయరు అడిగే మొదటి ప్రశ్న ‘ఏ ముద్దాయి దగ్గర?’ అనే. సంచి ఎవరి చేతిలో ఉంది, బండి ఎవరిది, ఎవరు ఏం చెప్పారు అని అక్కడికక్కడే రాసి ఉంటే ఆ ప్రశ్న అంతటితో ఆగిపోతుంది. సీలు వేసింది రాత్రి తొమ్మిదింటికి అయి, మధ్యవర్తి సంతకం మర్నాడు స్టేషనులో పెట్టినట్టు తేలితే, తుపాకి నిజమైనదే అయినా కేసు కుంటుపడుతుంది.

మధ్యవర్తులు కోర్టులో ఎదురుతిరిగినంత మాత్రాన కేసు కొట్టుకుపోదు. పోలీసు అధికారి సాక్ష్యాన్ని అతను పోలీసు అన్న కారణంతో తోసిపుచ్చరాదనీ, అయితే దాన్ని మరింత జాగ్రత్తగా పరిశీలించాలనీ కోర్టులు చెబుతూ వస్తున్నాయి. గంజాయి కేసుల్లో ఒంటి సోదాకు గెజిటెడ్ అధికారినో, మేజిస్ట్రేటునో కోరుకునే హక్కు మాదక ద్రవ్యాల చట్టం 50వ సెక్షన్ వల్ల వచ్చింది. ఆయుధాల చట్టంలో అలాంటి నియమం లేదు.

2024 జులై 1న అమలులోకి వచ్చిన కొత్త నేర విచారణ స్మృతి, భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఈ సోదా పద్ధతిని మార్చింది. 105వ సెక్షన్ ప్రకారం సోదా, జప్తు, జాబితా తయారీ, సాక్షుల సంతకాలు అన్నీ ఆడియో వీడియోలో రికార్డు కావాలి. మొబైల్ ఫోను చాలు. ఆ రికార్డును ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. మధ్యవర్తి మాట మారినా కెమెరాలో ఉన్నది మారదు. అలాగే పోలీసుల కథకు, వీడియోకు పొంతన కుదరకపోతే అది ముద్దాయికే ఉపయోగపడుతుంది. డిజిటల్ రికార్డు సాక్ష్యంగా నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కూడా జతచేయాలి.

గుంటూరు కేసు: పులుకూరి కోటయ్య

‘ఆయుధం ఎక్కడ దాచానో చూపిస్తాను’ అని ముద్దాయి పోలీసులకు చెబితే ఆ మాటకు ఎంత విలువ ఉంటుందన్న ప్రశ్నకు దేశమంతటా నేటికీ ఆధారంగా ఉన్న తీర్పు తెలుగునేల నుంచే వెళ్లింది. గుంటూరు సెషన్స్ విభాగంలో విచారణ జరిగిన ఈ అల్లర్లు, హత్యల కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా చేరింది. 1947 నాటి లా రిపోర్టుల్లో పులుకూరి కోటయ్య కేసుగా అచ్చయింది. తీర్పు రాసింది సర్ జాన్ బోమాంట్.

పోలీసు కస్టడీలో చేసిన నేరాంగీకారం సాధారణంగా సాక్ష్యం కాదు. అయితే ఆ మాట వల్ల ఒక విషయం బయటపడితే, దానికి సంబంధించిన మేరకు సాక్ష్యంగా తీసుకోవచ్చని పాత సాక్ష్య చట్టం 27వ సెక్షన్ చెప్పింది. ఈ కేసులో ముద్దాయిలు బల్లెంతో పొడిచామనీ, దాన్ని ఫలానాచోట దాచామనీ, వస్తే చూపిస్తామనీ చెప్పారు. ప్రివీ కౌన్సిల్ ఆ వాక్యాలను విడగొట్టింది. బయటపడిన విషయం అంటే కేవలం బల్లెం కాదు. అది ఫలానాచోట ఉండటం, ఆ సంగతి ముద్దాయికి తెలిసి ఉండటం. కాబట్టి దాచిన చోటు గురించిన ముక్క చెల్లుతుంది, పొడిచానన్న ముక్క చెల్లదు. ఇంటి కప్పులో కత్తి దాచానని ఒకరు చెబితే బయటపడేది కత్తి అన్న వస్తువు కాదనీ, ఆ కత్తి అతని ఎరుకలో ఆ ఇంట్లో దాగి ఉందన్న వాస్తవమనీ కోర్టు వివరించింది. దానితోనే హత్య చేశాడని వేరే సాక్ష్యంతో చూపాలి.

ఇప్పుడు ఈ సూత్రం భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లో ఉంది. దాచిన ఆయుధం కేసులో దీని ప్రభావం ఎక్కువ. ఎందుకంటే ఇక్కడ దాచిన చోటు తెలిసి ఉండటమే అభియోగంలో సగం. అయితే అందరూ తిరిగే చోట, ఎవరైనా పెట్టగల చోట దొరికిన వస్తువుకు ఈ విలువ తగ్గిపోతుంది. సరుగుడు తోపులో ఇసుక పైన పడి ఉన్న కత్తికీ, ముద్దాయి తాళం తీసి అటక మీద నుంచి దింపిన కత్తికీ తేడా ఉంది.

నిపుణుడి మాట, కలెక్టరు అనుమతి

తుపాకి కేసులో అది పేలుతుందా లేదా అన్నది నిపుణుడు చెప్పాలి. జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులోని ఆర్మరరు గానీ, ఫోరెన్సిక్ ప్రయోగశాల గానీ పరీక్షించి నివేదిక ఇస్తారు. పంపిన సీలు, అందిన సీలు ఒకటే అని ఆ నివేదికలో ఉండాలి. స్టేషను నుంచి ప్రయోగశాలకు ఎవరు తీసుకెళ్లారు, ఏ తేదీన ఇచ్చారు అన్న వరుస ఎక్కడా తెగకూడదు.

సెక్షన్ 3 కిందికి వచ్చే నేరానికి, అంటే తుపాకి, తూటాల కేసుకు, సెక్షన్ 39 ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తప్పనిసరి. కోనసీమలో ఆ అనుమతి అమలాపురంలోని కలెక్టరు కార్యాలయం నుంచి రావాలి. కాగితాలు పరిశీలించి, ఆలోచించి ఇచ్చినట్టు ఉత్తర్వులో కనబడాలి. మూసపోసిన ఉత్తర్వును డిఫెన్సు తప్పక తప్పుపడుతుంది. కత్తుల కేసుకు ఈ అనుమతి అక్కరలేదు. దానికి కావలసింది నోటిఫికేషన్ ప్రతి.

లైసెన్సు ఉందని చెప్పుకునే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న తరచూ వస్తుంది. సెక్షన్ 19 కింద ఆయుధం పట్టుకున్నవారిని లైసెన్సు చూపమని పోలీసు అడగవచ్చు. తన జేబులోనో, ఇంట్లోనో ఉన్న కాగితం సంగతి తనకే బాగా తెలుసు కనుక, చూపించవలసింది ముద్దాయే. ఆయుధం అతని దగ్గర ఉందన్న మొదటి మెట్టు మాత్రం ప్రాసిక్యూషనే ఎక్కాలి.

కోనసీమ పరిస్థితులు

దింపు కార్మికుడి కత్తి అలుగు 2 అంగుళాలకు మించి వెడల్పు ఉండవచ్చు. అయినా అది వ్యవసాయపు పనిముట్టే. గీత కార్మికుడి కత్తి, కొబ్బరికాయలు ఒలిచే గునపం, చేపలు కోసే కత్తి కూడా అంతే. అదే కత్తితో ఒకరిని గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత కింద నేరమవుతుంది. అక్కడ చూసేది దానితో ఏం చేశారన్నది. ఆయుధాల చట్టం చూసేది అసలు అది ఏమిటన్నది.

ఈ రెండిటి తేడాను చూపే కేసు ఒకటి కోనసీమతో ముడిపడి ఉంది. 2018 అక్టోబరు 25న విశాఖపట్నం విమానాశ్రయంలో అప్పటి ప్రతిపక్ష నేత వై.ఎస్. జగన్మోహన్ రెడ్డిపై పందెంకోడి కాలికి కట్టే కత్తితో దాడి జరిగింది. అభియోగం ఎదుర్కొన్న యువకుడు కోనసీమవాసి, విమానాశ్రయంలోని రెస్టారెంటులో పనిచేసేవాడు. కేసు చేపట్టిన జాతీయ దర్యాప్తు సంస్థ 2019 జనవరిలో వేసిన చార్జిషీటులో హత్యాయత్నం సెక్షనును, పౌర విమానయాన భద్రతకు సంబంధించిన 1982 చట్టాన్ని చేర్చింది. 2024 ఫిబ్రవరిలో హైకోర్టు ముద్దాయికి బెయిలు ఇచ్చింది. చార్జిషీటులో పెట్టిన సెక్షన్లు కత్తి కొలతల మీద కాక, అది ఏ చోటికి చేరింది, దానితో ఏం జరిగింది అన్నవాటి మీద ఆధారపడ్డాయి.

సంక్రాంతి కోడిపందేల ముందు ఇవే కోడి కత్తులను పోలీసులు స్వాధీనం చేసుకోవడం, కత్తులు కట్టేవారిని బైండోవర్ చేయడం మామూలే. ఆ కేసులు ముఖ్యంగా రాష్ట్ర గేమింగ్ చట్టం, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం పరిధిలోవి.

కోనసీమ జిల్లా పేరు మార్పుపై 2022 మే 24న అమలాపురంలో హింస చెలరేగినప్పుడు పాత నేర విచారణ స్మృతిలోని 144వ సెక్షన్ విధించారు. నేటి నాగరిక సురక్షా సంహితలో దాని స్థానంలో ఉన్నది 163వ సెక్షన్. ఇలాంటి నిషేధాజ్ఞల్లో ఆయుధాలతో, కర్రలతో తిరగరాదన్న షరతు పెట్టవచ్చు. అప్పుడు లాఠీ పట్టుకున్నా ఆజ్ఞ ఉల్లంఘనే. అయితే అది ఆయుధాల చట్టం కేసు కాదు, ఆజ్ఞను ధిక్కరించిన కేసు. కోర్టు దాన్ని విచారణకు తీసుకోవాలంటే సంబంధిత అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. మారణాయుధంతో చట్టవిరుద్ధ సమూహంలో చేరడం న్యాయ సంహిత కింద వేరే నేరం.

ఇతర దేశాల్లో

అమెరికాలో దాచడమే నేరంగా చేసిన చట్టాలు పాతవి. కెంటకీ, లూసియానా రాష్ట్రాలు 1813లోనే ఇలాంటి నిషేధం తెచ్చాయి. ఆయుధం బాహాటంగా పట్టుకోవచ్చు, దాచకూడదు అన్నది ఆనాటి ఆలోచన. మామూలుగా చూసేవారికి కనబడిందా లేదా అన్నదే అక్కడ రుజువులో కీలకం. తర్వాత రాష్ట్రాలు దాచి తీసుకెళ్లడానికి అనుమతి పత్రాలు ఇవ్వసాగాయి. తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న టెక్సాస్ 2021 సెప్టెంబరు 1 నుంచి అర్హులైన పెద్దలకు ఆ పత్రం కూడా అక్కరలేదంది. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, ప్రత్యేక అవసరం చూపితేనే పర్మిట్ ఇస్తామన్న న్యూయార్క్ నిబంధనను కొట్టివేసింది. ఆ అలవాటుతో తూటా ఒకటి బ్యాగులో మరచిపోయి భారత విమానాశ్రయంలో దిగినవారికి ఇక్కడి సెక్షన్ 3 ఎదురవుతుంది.

ఇంగ్లండులో 1953 చట్టం ప్రకారం బహిరంగ స్థలంలో దాడికి పనికివచ్చే ఆయుధం ఉంటే, సరైన కారణం చూపవలసిన భారం పట్టుబడినవారిదే. 1988 చట్టం 3 అంగుళాలకు మించని మడత చాకుకు మినహాయింపు ఇచ్చింది.

శిక్ష, జప్తు

లైసెన్సు లేని తుపాకి ఉంచుకున్నందుకు 2019 సవరణ తర్వాత సెక్షన్ 25 కింద కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు జైలు, జరిమానా. నిషిద్ధ ఆయుధాలకైతే ఏడు నుంచి పద్నాలుగేళ్లు. నేరం రుజువైతే సెక్షన్ 32 కింద ఆయుధంతో పాటు, దాన్ని తీసుకెళ్లిన వాహనాన్నో పడవనో, దాచడానికి వాడిన పెట్టెనో సంచినో కూడా జప్తు చేయమని కోర్టు ఆదేశించవచ్చు. వేటే జీవనాధారమైన రేవు ఊళ్లో జైలు శిక్ష కంటే పడవ పోవడమే కుటుంబానికి పెద్ద దెబ్బ కావచ్చు. అప్పీలులో నేర నిర్ధారణ రద్దయితే జప్తు ఉత్తర్వు కూడా రద్దవుతుంది.